పుర్రచేతి వాటం

పెద్ద బురుజు మూడో అంతస్తు చేరగానే గైడు కాసేపు నోరు మెదపడు. ఆయాసం వల్ల కాదు. ఇరవై రెండేళ్ళుగా రోజుకి నాలుగైదుసార్లు ఎక్కి దిగుతున్న కాళ్ళవి. వెనకపడ్డవాళ్ళంతా రొప్పుతూ వచ్చి గోడలకి చేరగిలబడేదాకా ఆగి, అప్పుడు సన్నటి కిటికీలోంచి పడే వెలుగులోకి ఒక్క అడుగు వేస్తాడు. రెండు చేతులూ ముందుకు చాస్తాడు. గొంతు తగ్గిస్తాడు.

"ఈ చేతులు ఇలాంటిది ఇంకొకటి కట్టకూడదు అన్నాడు రాజు. అప్పుడు ఈ బురుజు కట్టిన మేస్త్రీ ఏం చేశాడో తెలుసా? ఏడవలేదు, బతిమాలలేదు. చేతులు చాచాడు. ఇదిగో, ఇక్కడే. మీరు నిలబడ్డ ఈ బండ మీదే."

జనం గబుక్కున కాళ్ళు వెనక్కి తీసుకుంటారు. ఎవరో ఒకరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. ఆ నిశ్శబ్దంలో గైడు చేతులు ఒక్కసారిగా కిందికి వాల్చేస్తాడు. అంతే. కత్తి అన్న మాట కూడా అనడు. అనక్కర్లేదు.

ఆ సోమవారం మాత్రం సరిగ్గా చేతులు చాచిన క్షణంలో పైనుంచి టంగ్ టంగ్‌మని ఉలి చప్పుడు మొదలైంది.

"మేస్త్రీ ఇంకా పనిలోనే ఉన్నట్టున్నాడు" అన్నాడు గుంపులో ఒక పెద్దమనిషి. అందరూ గొల్లుమన్నారు.

గైడుకి అరికాలి మంట నెత్తికెక్కింది. మొహాన నవ్వు పులుముకుని గుంపుని ఎలాగో పై అంతస్తుకి తీసుకెళ్ళి, ఊరు చూపించి, కిందికి దింపి పంపించాడు. మళ్ళీ పైకెక్కాడు.

అరిగిపోయిన మెట్లు మార్చడానికి మూడు వారాల కిందట వచ్చింది ఆ రాతిపని మనిషి. నలభై దాటిన ఆడమనిషి. తలకి గుడ్డ చుట్టుకుని, మెట్టు మీద ఒక మోకాలు ఆన్చి, ఎడమచేత్తో సుత్తి పట్టి కొడుతోంది. పుర్రచేతి వాటం. వచ్చిన మొదటిరోజే బురుజు కాపలావాళ్ళు దాని మీద జోకులేసుకున్నారు. ఆమె పెట్టిన మొదటి మెట్టు మీద నీళ్ళు పోసి చూశాక మానేశారు. నీళ్ళు అటూ ఇటూ పోకుండా మెట్టంతా సమంగా పరుచుకున్నాయి.

"అమ్మా, నేను కింద చెబుతున్నప్పుడు కాస్త ఆపచ్చు కదా" అన్నాడు గైడు.

ఆమె సుత్తి దించి చూసింది. "రోజూ ఆపుతూనే ఉన్నానన్నా. ఇవాళ ఎందుకో ఆ ముక్క దగ్గర చెయ్యి ఆగలేదు."

అది క్షమాపణో కాదో గైడుకి అర్థం కాలేదు. కానీ ఆమెతో గొడవ పెట్టుకోవడం అతనికి ఇష్టం లేదు. ఎందుకంటే కింద ఆవరణలో, టార్పాలిన్ నీడలో, అతని మాటలు ఆమె చేతిలోనే ఉన్నాయి.

ఆ ఊరు చిన్నది. చూడ్డానికి వచ్చేవాళ్ళకి కోటగోడ, మ్యూజియం, వంతెన కలిపినా గంటన్నరలో అయిపోతాయి. జనం నిలబడిపోయేది పెద్ద బురుజు దగ్గరే. అందులో సగం గొప్ప బురుజుదైతే సగం గైడు గొంతుదని ఊళ్ళో అందరూ ఒప్పుకుంటారు. కంచుగొంతు అని పిలుస్తారతన్ని. బురుజు ముందు నిలువెత్తు శిలాఫలకం పెట్టాలని కొత్త ఆఫీసరు అనుకున్నప్పుడు, పాత కాగితాలు తిరగేస్తే రెండు వాక్యాలకి మించి దొరకలేదు. "నువ్వు చెప్పేదే రాసివ్వవయ్యా" అన్నాడు ఆఫీసరు. గైడు నాలుగు రోజులు కూర్చుని పదకొండు వాక్యాలు రాశాడు. పై ఆఫీసు నుంచి ఆమోదం కూడా వచ్చింది. అడుగున 'కథనం' అని అతని పేరు ఉంటుంది. చెక్కే పని కూడా ఆ రాతిపని మనిషికే ఇచ్చారు. శుక్రవారం ఆవిష్కరణ. నెలరోజులుగా మనిషి గాల్లో తేలిపోతున్నాడు.

టికెట్ల గదిలో కూర్చునేది అతని భార్యే. మధ్యాహ్నం ఇద్దరూ అక్కడే డబ్బా విప్పుకుని తింటారు.

"రాయి మీద పేరు పడితే ఇంక ఇంట్లో మాట వింటారా ఈయన" అంది ఆమె, కిటికీ అవతల నిలబడ్డ కాపలావాడితో.

"ఇప్పుడు వింటున్నట్టు" అన్నాడు కాపలావాడు.

గైడు నవ్వాడు. కళ్ళు మాత్రం టార్పాలిన్ వైపే ఉన్నాయి.

మంగళవారం పొద్దున్నే, తలుపులు తీయకముందే వెళ్ళి చూశాడు. నల్లరాతి మీద ఎర్రసుద్దతో గీసిన అక్షరాల్లో చాలావరకు చెక్కడం అయిపోయింది. అంచులు పదునుగా, లోపల నున్నగా, వేలు పెడితే వేలే దారి పట్టుకునేలా ఉన్నాయి. తన వాక్యాలు అంత అందంగా ఉంటాయని గైడు ఎప్పుడూ అనుకోలేదు. వంగి, పెదాలు కదుపుతూ చదువుకుంటూ పోయాడు. ఎనిమిదో వాక్యం దాటాక ఆగిపోయాడు. అక్కడ రెండు వరుసలు సుద్దగీతలుగానే ఉన్నాయి. వాటి కింద వాక్యాలు చెక్కేసి ఉన్నాయి. అతని పేరు కూడా చెక్కేసి ఉంది. మధ్యలో ఆ రెండు వరుసలే లేవు. రాజు మేస్త్రీ చేతులు నరికించిన వరుసలు.

రాతిపని మనిషి బకెట్‌తో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది.

"ఇవి మర్చిపోయావా అమ్మా?"

"లేదన్నా."

"మరి?"

ఆమె చేతులు తుడుచుకుంది. చెప్పడానికి సిద్ధపడుతున్నట్టు కొంగు దోపుకుంది. "ఇది నేను చెక్కలేను. నన్ను తిట్టేముందు ఒకసారి నాతో రండి."

టార్చి తీసుకుని ముందు నడిచింది. బురుజులోకి అడుగు పెట్టగానే మొదటి వరుస రాళ్ళ దగ్గర కూర్చుంది. టార్చిని గోడకి ఎదురుగా కాకుండా, గోడకి ఆనించి పక్కనుంచి వేసింది. ఇరవై రెండేళ్ళుగా నున్నటి గోడ అనుకున్నది ఒక్కసారిగా గీతలు గీతలుగా లేచింది. ఒకదాని పక్కన ఒకటి, దువ్వెన పళ్ళలా, వేల గాట్లు.

"ఉలి దెబ్బలు. కుడిచేత్తో కొట్టేవాళ్ళ గాటు కుడి పై నుంచి ఎడమ కిందికి వాలుతుంది. ఇవి చూడండి, అటు నుంచి ఇటు. నా గాట్లూ ఇలాగే ఉంటాయి. చిన్నప్పుడు మా నాన్న నా చెయ్యి మార్పించాలని సుత్తి కుడిచేతికి గుడ్డతో కట్టేవాడు. ఇది చూసి ఉంటే కట్టేవాడు కాదేమో."

"మేస్త్రీది పుర్రచెయ్యా?" గైడుకి తెలియకుండానే ఉత్సాహం వచ్చింది. ఈ ముక్క కథలో బాగా అతుకుతుందని మనసు అప్పుడే లెక్కేసుకుంది.

"ఎదురుగా కనపడే ముఖ్యమైన రాళ్ళన్నీ ఆయనవే. ఇంకోటి చూడండి." ఆమె వేలు రాయి కింది మూలకి పోయింది. అక్కడ గోరంత పొడవు గాట్లు మూడు. "రాయి పని అయిపోయాక ఉలి మొన అరిగిందా లేదా అని చూసుకునే అలవాటు. ఒకొకరికి ఒకొకటి ఉంటుంది. మా నాన్న రాయి మీద ఊదేవాడు. ఈయన మూడు దెబ్బలు కొట్టేవాడు."

ప్రతి అంతస్తులోనూ చూపించింది. అలాంటి ప్రతి రాయి మూలలోనూ మూడు గాట్లు. పై అంతస్తు చివరి వరుసలో కూడా.

"సరే" అన్నాడు గైడు. "చివరిదాకా ఆయనే కట్టాడు. నేను కాదనలేదే? కట్టడం పూర్తయ్యాకే కదా రాజు నరికించింది."

"నేనూ అలాగే అనుకున్నానన్నా. మొన్నటిదాకా."

ఆమె అతన్ని కిందికి తీసుకెళ్ళి, గేటు దాటించి, బజారు వెనక సందులోకి నడిపించింది. ఇనప సామాన్ల కొట్లు, సైకిళ్ళు బాగుచేసే చోటు దాటాక, కూరగాయల బజారు వెనకగోడ దగ్గర నీళ్ళ తొట్టి ఉంది. ఊరికి తెలిసినప్పటి నుంచీ ఉన్న రాతి తొట్టి. ఒకప్పుడు పశువులు తాగేవి. ఇప్పుడు కూరగాయలమ్మే ఆడవాళ్ళు కాయగూరలు కడుక్కుంటారు. గైడు రోజూ దాని పక్కనుంచే ఇంటికి పోతాడు. ఒకసారి దాని మీద కూర్చుని చెప్పులో రాయి తీసుకున్నాడు కూడా.

"పనయ్యాక చేతులు ఇక్కడే కడుక్కుంటాను" అంది రాతిపని మనిషి. "శనివారం చెయ్యి లోపల పెడితే ఏదో తెలిసిన చెయ్యి తగిలినట్టయింది."

గైడు వంగి చూశాడు. తొట్టి బయటి వైపు, పాచి గీకిన చోట, గాట్లు. అటు నుంచి ఇటు వాలిన గాట్లు. కానీ బురుజులోవాటంత లోతు లేవు. చిన్నవి, దగ్గరదగ్గరగా, ఒక్క దెబ్బకి పోవలసిన చోట రెండు మూడు దెబ్బలు.

"బలం తగ్గింది" అంది ఆమె. "చూపు కూడా తగ్గినట్టుంది. తడిమి తడిమి కొట్టాడు. ఎక్కడా తొందరపడలేదు." మూలకి చూపించింది. మూడు గాట్లు. వాటి పైన, అంచు కింద, సంవత్సరం చెక్కి ఉంది.

గైడు ఆ అంకెలు రెండుసార్లు చదివాడు. బురుజు ద్వారం మీది సంవత్సరం, కట్టడం పూర్తయిన ఏడాది, అతనికి నిద్రలో లేపి అడిగినా తెలుసు. తొట్టి మీదిది దానికి ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాతది.

"ఇప్పుడు లోపల చెయ్యి పెట్టండి. నీళ్ళ అంచు దగ్గర."

పెట్టాడు. రాతి అంచు లోపలికి మెత్తగా వంపు తిరిగి ఉంది. ఎంత తడిమినా ఒక్క కోణం తగల్లేదు.

"పశువు మూతికి గీసుకోకుండా" అంది ఆమె. "ఇలా గుండ్రం తిప్పమని ఎవరూ అడిగి ఉండరు. రాజు చూసే పని కూడా కాదిది. బురుజు మీద ఎంత శ్రద్ధ పెట్టాడో దీని మీద అంతే పెట్టాడు. అంత పెద్ద బురుజు కట్టినవాడు, అన్నా, ముసలితనంలో గొడ్లకి తొట్టి చెక్కుతూ కూర్చున్నాడు. ఆ చేతుల్ని ఎవరో నరికారని నా చేత్తో నేను ఎలా చెక్కను?"

గైడు తడిచెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు.

ఆ రోజు మిగిలిన గుంపులకి అతను పాత కథే చెప్పాడు. బుధవారం కూడా అదే చెప్పాడు. ఇన్నేళ్ళ అలవాటు, నోరు దానంతటదే నడిచింది. కానీ వెలుగులోకి అడుగు వేసి చేతులు చాచినప్పుడు, తన చేతులు తనకే కనిపించాయి. సుద్దలాంటి మెత్తటి చేతులు, ఎప్పుడూ బరువు మోయనివి. జనం ఊపిరి బిగబట్టారు. కిందికి దిగాక ఒకావిడ దగ్గరికొచ్చి, "ఒళ్ళు జలదరించిందండీ, ఎంత బాగా చెప్పారు" అంది. ఇంకెప్పుడైనా అయితే ఆ మాట అతనికి సాయంత్రందాకా సరిపోయేది. ఆ రోజు మొహం తిప్పుకున్నాడు.

భార్యకి చెప్పేశాడు. టికెట్ల గదిలో, తిన్న డబ్బాలు సర్దుతున్నప్పుడు.

ఆమె ఆశ్చర్యపోలేదు. "నాకెప్పుడూ ఆ ముక్క నచ్చలేదు" అంది.

"ఇరవై రెండేళ్ళలో ఒక్కసారైనా అన్నావా?"

"ఏమని అంటాను? మీ గొంతు అన్నిటికన్నా బాగుండేది అక్కడే. గుంపు వెనక నిలబడి నేనూ విన్నాను కదా. ఒక మనిషి చేతులు పోతుంటే ఇంత తియ్యగా ఎలా చెబుతాడా అనుకునేదాన్ని." డబ్బా మూత బిగించింది. "మీకు ఆ కథ చెప్పింది మా నాన్నే కదా, మీరు గైడుగా చేరిన కొత్తలో. ఆయనకి ఎవరు చెప్పారో. ఎవరూ పోయి గోడ చూడలేదు, అంతే."

"ఇప్పుడు ఏం చెయ్యమంటావు? ఆఫీసరుకి చెబితే ఆవిడ పని పోతుంది. ఆమోదం వచ్చిన మాటలు చెక్కనందని తీసేస్తాడు. ఇంకా పదిహేను మెట్లున్నాయి."

"ఆవిడ చెక్కనందని ఎందుకు చెబుతారు?" అంది భార్య. అతని మొహంలోకి చూసింది. చూసి, కిటికీ తలుపు తీసి టికెట్లు ఇవ్వడం మొదలుపెట్టింది.

గురువారం పొద్దున గైడు ఒక్కడే తొట్టి దగ్గరికి వెళ్ళాడు. కళ్ళు మూసుకుని, అంచు వెంట చెయ్యి పోనిచ్చాడు. ఒక చోట గాట్లు కాస్త చెదిరి ఉన్నాయి. అక్కడ ఉలి జారి ఉంటుంది. పక్కనే మళ్ళీ సర్దుకున్న గాట్లు, ముందుకన్నా జాగ్రత్తగా. గైడు ఆ జారిన చోట వేలు పెట్టి చాలాసేపు నిలబడ్డాడు.

"ఏంటి కంచుగొంతూ, కొనేదేమైనా ఉందా, తొట్టికి కూడా టికెట్ పెడుతున్నారా?" అంది ఆకుకూరలమ్మే ముసలావిడ, చేతిలో కట్టలతో వెనక నిలబడి.

"నువ్వు కానీయవ్వా" అని తప్పుకున్నాడు. అక్కడి నుంచి తిన్నగా ఆఫీసుకి వెళ్ళాడు.

ఆఫీసరు మర్నాటి ఏర్పాట్లలో తలమునకలై ఉన్నాడు. కుర్చీలు, తెర, వచ్చే పెద్దలకి పూలదండలు. గైడు చెప్పింది సగం వినేసరికే పెన్ను కింద పెట్టాడు.

"చెక్కలేదా? రేపు ఆవిష్కరణ పెట్టుకుని? ఆ మనిషిని పిలువు ముందు."

"ఆవిడ తప్పేం లేదు సార్. నేనే ఆపమన్నాను."

"నువ్వా? రాసింది నువ్వే కదయ్యా?"

"నేనే సార్. రాసింది అబద్ధం. అబద్ధమని తెలియకుండా రాశాను. ఇప్పుడు తెలిసింది." అని, ఇంకో మాట కలిపాడు. "నా పేరు కూడా తీసేయమని చెబుతాను. అక్షరాలు రుద్దేస్తే పోతాయంది."

ఆ చివరి మాట కూడా అబద్ధమే. అక్షరాల సంగతి అతను ఆమెని అడగనే లేదు. ఆఫీసరు అతన్ని కిందా మీదా చూశాడు. నెలరోజులుగా ఆ పేరు ఏ సైజులో వస్తుందని మూడుసార్లు వచ్చి అడిగిన మనిషి ఇతనేనా అన్నట్టు చూశాడు.

"ఎంత దూరం ఆ తొట్టి?"

"అయిదు నిమిషాలు సార్."

ఆఫీసరు బజారు బురదలో ప్యాంటు ఎత్తిపట్టుకుని నడిచాడు. తొట్టి దగ్గర వంగి సంవత్సరం చదివాడు. గైడు టార్చి పక్కనుంచి వేసి గాట్లు చూపించాడు, మూడు గాట్లూ చూపించాడు. ఆఫీసరు చొక్కా చేతులు మడిచి లోపల చెయ్యి పెట్టాడు. కాసేపు తీయలేదు.

"మా ఇంట్లో సింకు అంచు ఇంత బాగుండదు" అన్నాడు చివరికి. తర్వాత గొంతు సవరించుకుని ఆఫీసరు గొంతు తెచ్చుకున్నాడు. "కాగితం పెడతాను. ఫొటోలతో సహా. కొత్త మాటలకి ఆమోదం రావాలంటే ఆర్నెల్లు, ఏడాది. అంతవరకు ఏ మాటా నీ ఇష్టానికి చెక్కడానికి లేదు."

"ఆ రెండు వరుసలు?"

"ఖాళీగా ఉండనీ. సుద్ద కడిగేయమను. నీ పేరు సంగతి..." ఆఫీసరు చెయ్యి దులుపుకున్నాడు. "నా ఫలకం గీకిస్తావేమిటయ్యా, ఉండనీ. తప్పు దిద్దుకున్నవాడి పేరు ఉంటే నష్టమేం లేదు."

గైడు ఆవరణలోకి వచ్చేసరికి రాతిపని మనిషి తన పనిముట్లు సంచిలో సర్దుకుంటోంది. పంపించేస్తారని తనంతట తనే నిర్ణయించేసుకుంది. విషయం విన్నాక సంచి పక్కన పెట్టింది. తర్వాత తడిగుడ్డ తీసుకుని ఫలకం మీది రెండు వరుసల సుద్దని తుడిచింది. ఎర్రనీళ్ళు రాతి మీదుగా కారిపోయాయి. ఆ ఖాళీ మీద ఇంకోసారి పొడిగుడ్డ వేసి, అక్షరాలున్న చోటు ఎంత మెరుస్తోందో అంత మెరిసేదాకా రుద్దింది.

"మీరే ఆపమన్నానని చెబుతారని ముందే అన్నారు" అంది, తలెత్తకుండా.

"ఎవరన్నారు?"

"వదిన. నేనే నమ్మలేదు."

గైడు టికెట్ల గది వైపు చూశాడు. కిటికీ మూసి ఉంది.

శుక్రవారం తెర తీశారు, చప్పట్లు కొట్టారు, దండలు వేశారు. ముఖ్య అతిథి పైనుంచి కిందిదాకా ఒక చూపు చూసి చాలా బాగుందన్నాడు. ఖాళీని ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకున్నది మర్నాడు వచ్చిన మామూలు జనం. డబ్బు పెట్టి టికెట్ కొన్నవాళ్ళు ప్రతి అక్షరమూ చదువుతారు.

"ఇక్కడేమైనా చెరిగిపోయిందాండీ?" అని అడిగింది కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ.

"చెరగలేదండీ. ఇంకా రాయలేదు" అన్నాడు గైడు. "రండి, ఎందుకో చూపిస్తాను."

బురుజు ఎక్కించాడు. మూడో అంతస్తులో చేతులు చాచలేదు. టార్చి గోడకి ఆనించి వేశాడు. గీతలు లేచినప్పుడు ఎవరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఇద్దరు ముందుకొచ్చి తాకారు. ఒకాయన, "ఇంతేనా? చేతులు నరికించాడని మా బావమరిది చెప్పాడే" అన్నాడు నిరాశగా. గైడు టార్చి ఆర్పాడు. "అది నేను చెప్పిన కథేనండీ, తప్పు చెప్పాను" అని ముందుకు నడిచాడు.

బురుజు దిగాక గుంపు చెదిరిపోతుందనుకున్నాడు. సగంమంది పోయారు కూడా. మిగిలినవాళ్ళని ఇనప సామాన్ల కొట్ల మధ్యనుంచి, ఎండలో, తొట్టి దగ్గరికి తీసుకెళ్ళాడు. రెండు సంవత్సరాలూ చెప్పాడు. మధ్యనున్న ఇరవై ఎనిమిదేళ్ళు చెప్పాడు. ఆ తర్వాత "చెయ్యి పెట్టి చూడండి" అన్నాడు.

కళ్ళజోడావిడ గాజులు పైకి లాక్కుని మొదట పెట్టింది. తర్వాత ఆవిడ పక్కనావిడ. బావమరిది సంగతి చెప్పినాయన కూడా, కాస్త ఆలస్యంగా. ఒకరి మోచెయ్యి ఒకరికి తగులుతూ తొట్టి చుట్టూ వంగి నిలబడ్డారు.

"ఆయన పేరేమిటండీ?" అన్నాడు ఆయన, చెయ్యి నీళ్ళలోనే ఉంచి.

"తెలీదు."

"చివరికి ఏమయ్యాడు?"

గైడు నోరు తెరిచాడు. ఇన్నేళ్ళలో ఏ ప్రశ్ననీ అతను ఉత్తచేతులతో పంపించలేదు. ఏదో ఒకటి చెప్పేవాడు, అది బాగుండేలా చెప్పేవాడు. ఇప్పుడూ నాలుక మీద ఒకటికి మూడు జవాబులు వచ్చి నిలబడ్డాయి. మూడూ బాగానే ఉన్నాయి.

"తెలీదండీ" అన్నాడు. "మాకు తెలిసింది ఇంతవరకే."

ఎవరూ వెళ్ళిపోలేదు. ఆయన తలూపి మళ్ళీ తొట్టిలోకి చూశాడు.

"చూసింది చాలు, కాస్త జరగండి నాయనా" అంటూ ఆకుకూరలమ్మే ముసలావిడ మనుషుల్ని తోసుకుని వచ్చింది. అందరూ దారి ఇచ్చారు. ఆవిడ రెండు చేతులా కట్టలు పట్టుకుని నీళ్ళలో ముంచి, ఎత్తి, మళ్ళీ ముంచింది. మట్టి అడుక్కి దిగింది. పొంగిన నీళ్ళు గుండ్రటి అంచు మీదుగా చప్పుడు లేకుండా జారి కింద పడ్డాయి. ఆవిడ చివరి కట్ట దులిపి గంపలో పెట్టుకునేదాకా అక్కడున్నవాళ్ళలో ఒక్కరూ కదల్లేదు. గైడు కూడా వాళ్ళ మధ్యే నిలబడి చూస్తూ ఉన్నాడు.